పాలమూరుకు ఒక వయొలిన్ బడి

2016 అక్టోబరు 11, విజయదశమి. ఆ రోజు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడివడి మూడు కొత్త జిల్లాలయ్యాయి. అదే ఏడాది మద్రాసు సంగీత అకాడమీ తన అత్యున్నత బిరుదు ‘సంగీత కళానిధి’కి ఒక తెలుగు వయొలిన్ విద్వాంసురాలిని ఎంచుకుంది. ఆమె విజయనగరంలో పుట్టిన అవసరాల కన్యాకుమారి. వయొలిన్ వాయించే స్త్రీకి ఆ బిరుదు రావడం అదే మొదలు. ఈ రెండు సంగతులనూ కలిపి చూడాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు. మన జిల్లాలకు పదేళ్ళు నిండిన ఈ దసరాకు, పుస్తకాలూ పనిముట్లూ వాద్యాలూ పూజలో పెట్టుకునే ఈ రోజుల్లో, వాటిని కలిపే చూడాలని మా విన్నపం. ఆమె ప్రయాణంలో పాలమూరు నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మద్రాసు సంగీత అకాడమీ పుట్టింది 1928లో. ఒక స్త్రీ సంగీత కళానిధి కావడానికి 1968 దాకా ఆగాల్సి వచ్చింది. ఆమె ఎం.ఎస్.సుబ్బులక్ష్మి. తరువాత డి.కె.పట్టమ్మాళ్, బాలసరస్వతి, బృంద, ఎం.ఎల్.వసంతకుమారి ఒకరి వెనుక ఒకరుగా ఆ వేదిక ఎక్కారు. వారంతా పాడేవారు, లేదా ఆడేవారు. గొంతుతో వచ్చిన స్త్రీకి సభ తలుపు ముందు తెరుచుకుంది. కమాను పట్టుకుని పక్కన కూర్చున్న స్త్రీకి ఆ గౌరవం అందడానికి ఇంకో 48 ఏళ్ళు పట్టింది. ప్రతిభ లేక ఇంత ఆలస్యం కాలేదు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కుమార్తె ద్వారం మంగతాయారు ఉన్నారు. లాల్గుడి జయరామన్ శిష్యురాలు టి.రుక్మిణి ఉన్నారు. వాళ్ళ వాయిద్యం విని పెరిగిన తరాలున్నాయి.

ఆలస్యానికి కారణం తెలియాలంటే కచేరీ వేదిక మీద వయొలిన్ చేసే పని ఏమిటో దగ్గరగా చూడాలి. ఫిడేలు సీమ నుంచి వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మొదలైనవాళ్ళు దాన్ని నేల మీద కూర్చోబెట్టారు. మన విద్వాంసులు బాసిపట్టు వేసుకుని, వాద్యం తలభాగాన్ని కుడి మడమ మీద ఆనించి, రెండో కొసను ఎడమ భుజానికి, ఛాతీకి అదిమి పట్టుకుంటారు. అలా పడితే ఎడమచెయ్యికి మోసే పని ఉండదు. వేళ్ళు తీగ మీద పైకీ కిందికీ జారి గమకం పలకగలుగుతాయి. నాలుగు తీగలనూ స-ప-స-పగా శ్రుతి చేస్తారు. వీణకున్నట్టు దీనికి మెట్లు ఉండవు. స్వరస్థానం ఎక్కడుందో చెవి చెప్పాలి, వేలు నమ్మాలి.

ఇక పక్కన కూర్చున్నవాళ్ళ పరీక్ష చూడండి. గాయకురాలు రాగం ఎత్తుకుంటుంది. ఏ రాగమో ముందుగా చెప్పాలన్న నియమం లేదు. మొదటి రెండు మూడు సంచారాల్లోనే వయొలిన్ దాన్ని పోల్చుకుని, ఆమె వెనుక అర క్షణం ఎడంతో నడవాలి. ముందుకు పోతే అవిధేయత, వెనకబడితే అజ్ఞానం. ఆలాపన ముగించి ఆమె చూపు ఇటు తిప్పగానే, ఇరవై నిమిషాల రాగాన్ని ఏడెనిమిది నిమిషాల్లో తన మాటగా చెప్పాలి. స్వరకల్పన దగ్గరికి వచ్చేసరికి ఆమె విసిరిన లెక్కకు అక్కడికక్కడే జవాబివ్వాలి. ఇంత చేశాక ఆహ్వానపత్రికలో పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. పారితోషికమూ ఆ మేరకే ఉంటుంది.

ఇందులో స్త్రీలకు ఇంకో చిక్కు కూడా ఉంది. మగ గాయకుల శ్రుతి సాధారణంగా ఒకటి, ఒకటిన్నర. స్త్రీలది నాలుగున్నర, ఐదు, ఒక్కోసారి ఇంకా పైన. తీగ బిగువు మారితే కమాను ఒత్తిడి మారుతుంది, నాదమే మారుతుంది. శ్రుతి తేడాను సాకుగా చూపి స్త్రీ గాయకులకు వాయించడానికి వెనుకాడిన మగ విద్వాంసులున్నారు. ఆడవాళ్ళు తమ పక్కన కూర్చోవడానికి ఇష్టపడని మగ గాయకులూ ఉన్నారు. మృదంగంలో శిఖరమైన పాల్ఘాట్ మణి అయ్యర్ కూడా చాలాకాలం స్త్రీలకు వాయించలేదు. చివరికి పట్టమ్మాళ్‌కు వాయించారు. తరువాత వాళ్ళ పిల్లలకు పెళ్ళి జరిగి ఇద్దరూ వియ్యాలవారయ్యారు. గాయని నిత్యశ్రీ మహదేవన్ ఆ ఇద్దరికీ మనవరాలు. అంత గొప్పవాళ్ళ కాలంలోనే కట్టుబాటు అలా ఉంటే, ఊరు వదిలి వచ్చిన తెలుగమ్మాయికి ఆ పక్క చోటు దొరకడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఆ చోటు ఆమెకు ఇచ్చినవారు ఎం.ఎల్.వసంతకుమారి. జి.ఎన్.బాలసుబ్రమణ్యం శిష్యురాలు, పల్లవి పాడటంలో పేరెన్నిక గన్నవారు, పురందరదాసు పదాలను తమిళ సభల్లో ఇంటింటి పాటలు చేసినవారు. 1977లో ఆమె సంగీత కళానిధి అయ్యారు. కన్యాకుమారి ఆమెకు పక్కన వాయించారు, ఆమె దగ్గరే నేర్చుకున్నారు కూడా. 1990లో ఎం.ఎల్.వి. కన్నుమూసే దాకా, సుమారు రెండు దశాబ్దాలు, ఆ జోడీ కలిసి నడిచింది. గద్వాల చీర నేసే ఇళ్ళల్లో తిరిగినవాళ్ళకు ఈ బంధం సులువుగా అర్థమవుతుంది. నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగూ కలుపుకుంటూ వస్తారు. నేత పూర్తయ్యాక నూలు ఎక్కడ ఆగిందో, పట్టు ఎక్కడ మొదలైందో వేలితో తడిమినా తెలియనంతగా అతుకు కుదరాలి. ఎం.ఎల్.వి. కచేరీల్లో గొంతుకూ తీగకూ కుదిరిన అతుకు అలాంటిది.

ఒక స్త్రీ ఇంకో స్త్రీకి తన పక్కన చోటు ఇవ్వడం వల్ల ఒక జీవితం నిలబడింది. కానీ ఆ చోటు దాకా రావడానికి అంతకుముందే ఎవరో నేర్పి ఉండాలి. కన్యాకుమారికి తొలి గురువు ఇవటూరి విజయేశ్వరరావు గారు. ద్వారం బాణీ గాలి పీల్చిన విజయనగరంలో వయొలిన్ నేర్పిన అంధ విద్వాంసులాయన. తరువాతి గురువు ఎం.చంద్రశేఖరన్ కూడా చిన్నతనంలోనే చూపు కోల్పోయినవారు. చంద్రశేఖరన్‌కు వయొలిన్ నేర్పింది ఆయన తల్లి చారుబాల మోహన్. అంటే కన్యాకుమారి గురువుకు గురువు ఒక స్త్రీ. తల్లి కొడుక్కి నేర్పింది, ఆ కొడుకు ఒక ఆడపిల్లకు నేర్పాడు. 2005లో చంద్రశేఖరన్, పదకొండేళ్ళ తరువాత ఆయన శిష్యురాలు, ఇద్దరూ సంగీత కళానిధులయ్యారు. ఆ ఇంట్లో మొదటి కమాను పట్టిన అమ్మ పేరు మాత్రం సభల జాబితాల్లో కనిపించదు. మా దృష్టిలో ఆమె ఈ కథకు మూలపుటమ్మ.

కళ్ళతో చూడని గురువు దగ్గర నేర్చుకోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. చెయ్యి ఎక్కడుందో గురువు చూసి సరిదిద్దరు. కాగితం మీద రాసుకున్న స్వరం ఆయనకు అక్కరలేదు. పలికింది సరిగా ఉందా లేదా అన్నదొక్కటే ఆయనకు తెలుస్తుంది. అలాంటిచోట పెరిగిన చెవికి వేదిక మీద ముందుగా చెప్పని రాగం భయపెట్టదు. కన్యాకుమారి వాయిద్యంలో కనిపించే తెగువకు, ఎవరి పక్కనైనా కూర్చోగల ధైర్యానికి వేరు అక్కడే ఉందని మేం నమ్ముతాం.

ఆ తెగువ మామూలుది కాదు. మంగళూరు ప్రాంతపు కద్రి గోపాల్‌నాథ్ శాక్సాఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తానన్నప్పుడు పెదవి విరిచినవాళ్ళు ఎందరో. ఊపిరితో పలికే ఆ పెద్ద గొంతు వాద్యం పక్కన వయొలిన్ పట్టుకుని ఏళ్ళ తరబడి నిలిచింది కన్యాకుమారి. పాలకొల్లు పిల్లవాడు యు.శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో వచ్చినప్పుడు కూడా ఆమె ఆ పిల్లవాడి పక్కన కూర్చుని వాయించారు. సభ అనుమానించిన కొత్త వాద్యాలకు అనుభవజ్ఞురాలైన పక్కవాద్యం దొరకడం వాటికి సగం అంగీకారం. తరువాత ఆమె తన సొంత ఆలోచనతో ‘వాద్యలహరి’ అనే మేళవింపు కట్టారు. వయొలిన్, వీణ, నాదస్వరం, డోలు ఒకే వేదిక మీద ఉంటాయి. ఆలయ వీధిలో వాయించే నాదస్వరాన్ని, గదిలో మోగే వీణను ఒకచోట కూర్చోబెట్టడం చిన్న పని కాదు. ఒకటి మోగితే రెండోది వినపడదు. దానికి కొలత తెలియాలి, ఓపిక ఉండాలి. 2015లో పద్మశ్రీ, మరుసటి ఏడాది సంగీత కళానిధి వచ్చాయి. ఆమె శిష్యుల్లో ఎంబార్ కణ్ణన్ వంటివారు ఇవాళ ఎక్కని వేదిక లేదు.

ఇదంతా మద్రాసు సంగతి కదా, మన నాగర్‌కర్నూలుకేం పని అని అడిగే పాఠకులుంటారు. ఇక్కడి నుంచే మన సంగతి మొదలవుతుంది.

కన్యాకుమారి పుట్టిన విజయనగరం ఒక సంస్థానం. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కూడా సంస్థానాలే. ఈ రెండు వైపులా రాజులు కళను ఆదరించారు. గద్వాలను ‘విద్వద్గద్వాల’ అన్నారు. కోటలోని చెన్నకేశవుని సన్నిధిలో పండితులు వాదాలు చేశారు, కవులు సన్మానాలు పొందారు. తిరుపతి వెంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి అవధానాలతో ఆస్థానాలను కదిలించారు. కొల్లాపూరు వంశానికి చెందిన సురభి మాధవరాయలు రాజై ఉండీ ‘చంద్రికా పరిణయం’ రాశాడు. గద్వాలను చివరగా పాలించిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ భర్త పోయాక పాతికేళ్ళు పాలన మోస్తూ పండితులను ఆదరించింది. ఇవాళ గద్వాల డిగ్రీ కళాశాల ఆమె పేరు మీదే నడుస్తోంది. పద్యం వరకు ఈ నేల దేనికీ తీసిపోలేదు.

విజయనగరంలో జరిగింది వేరు. అక్కడి ఆస్థాన ఉద్యోగి చాగంటి జోగారావు గారి కొడుకు పుట్టుకతో అంధుడు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడు నేర్చుకునేందుకు బడి ఒకటి కావాలని మహారాజు విజయరామ గజపతి తలపెట్టారని, అలా 1919లో గాన పాఠశాల పుట్టిందని ఆ ఊళ్ళో చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ ఆచార్యుడు, 1936 నుంచి అధ్యక్షుడు కూడా. ఆయనకూ చూపు అంతంతమాత్రమే. చదువు సాగక ఫిడేలు పట్టి, 1941లో సంగీత కళానిధి అయ్యారు. ఘంటసాల ఆ బడిలోనే చదివాడు. రాజు కట్టించింది మేడ కాదు, ఇచ్చింది కనకాభిషేకమూ కాదు. నెలనెలా జీతం తీసుకుని, ప్రతి ఉదయం వచ్చి, పిల్లల చేత సరళీ వరుసలు వాయించే గురువులను ఊళ్ళో నిలబెట్టాడు. ఆ గురువులు మరి కొందరు గురువులను తయారు చేశారు. ఒక అంధ బాలుడి కోసం బడి తెరుచుకున్న ఊళ్ళో, కొన్ని దశాబ్దాల తరువాత, ఒక అంధ గురువు ఒక ఆడపిల్లకు వయొలిన్ నేర్పాడు. 1919 నుంచి 2016కు లెక్కేస్తే 97 ఏళ్ళు.

సంభావనకూ బడికీ ఉన్న తేడా ఇదే. సంభావన అందుకున్న కవి శాలువా కప్పుకుని తన ఊరికి వెళ్ళిపోతాడు. పద్యం మిగులుతుంది, కానీ మరుసటి ఏడాది ఆ ఊరి పిల్లకు అది నేర్పేవాడు ఉండడు. పద్యానికి అది పెద్ద నష్టం కాకపోవచ్చు. పుస్తకం తెరిచి కంఠస్థం చేసుకోవచ్చు. తీగవాద్యం అలా రాదు. ఎదురుగా కూర్చుని, తప్పు పలికిన ప్రతిసారీ చెప్పే మనిషి పదేళ్ళు కావాలి. మన సంస్థానాలు పద్యానికి పెట్టిన ఖర్చులో కొంత సంగీత పాఠశాలకు పెట్టి ఉంటే, కృష్ణా తుంగభద్రల నడుమ ఇవాళ ఎలాంటి స్వరం పలికేదో అనిపిస్తుంది. ఆ రాజులను ఇప్పుడు తప్పుపట్టి లాభం లేదు. వనపర్తి రాజభవనం స్వాతంత్ర్యం తరువాత పాలిటెక్నిక్ అయింది, వేలమందికి బతుకునిచ్చింది. కోట గోడల్లోకి బడి వస్తే ఏం జరుగుతుందో మనకు అనుభవంలో ఉన్న సంగతే. ఒక్క సంగీతానికే ఆ గది ఇంకా తెరుచుకోలేదు.

పాలమూరుకు తీగ కొత్తదని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడాడు. 2022లో పద్మశ్రీ ఆ ఇంటికి వచ్చింది. వెదురు బొంగు, సొరకాయ బుర్రలు, తేనెమైనం, తీగలు. తాతల నాటి చేతిపనితో తయారైన ఆ వాద్యంలో మెట్లన్నీ చేతితో అమర్చుకున్నవే. రెండేళ్ళకు పొరుగున నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్పకు బుర్రవీణ మీద పద్మశ్రీ వచ్చింది. ఒక పాత జిల్లా నుంచి రెండేళ్ళ తేడాలో రెండు తీగవాద్యాలకు జాతీయ గౌరవం. ఇది గర్వపడాల్సిన సంగతి. అయితే సంస్థానాల విద్వత్సభలు కోట లోపల జరిగాయి, కిన్నెర కోట బయట మోగింది. ఆ గోడ వల్ల రెండు వైపులా నష్టం జరిగింది. కిన్నెరకు పోషణ లేకపోయింది. సభకు ఈ నేల మీద పుట్టిన నాదం వినపడలేదు. ఇప్పుడు కట్టే బడిలో ఆ గోడ ఉండకూడదు. వయొలిన్ గురువు కూర్చునే చాపే కిన్నెర గురువుకూ పరచాలి, జీతం కూడా సమానంగా ఇవ్వాలి.

కర్ణాటక సంగీతం మనది కాదని దూరం పెట్టడంలోనూ అర్థం లేదు. మద్రాసు సభల్లో పాడే కృతుల్లో పెద్ద భాగం తెలుగు. త్యాగయ్య తెలుగులో పాడాడు, శ్యామశాస్త్రి తెలుగులో రాశాడు, క్షేత్రయ్య పదాలు వీణ ధనమ్మాళ్ ఇంటి శుక్రవారపు సాయంత్రాల్లో మోగాయి. 1867లో పుట్టి 1938లో పోయిన ఆ వైణికురాలి మనవరాళ్ళే బృంద, బాలసరస్వతి. తమిళ ఇళ్ళల్లో తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి తెలుగు పదం అందుతూ వచ్చింది. వయొలిన్‌కు మాటలు లేవు గానీ, సాహిత్యం తెలియకపోతే కమాను ఎక్కడ తిప్పాలో తెలియదు. పదం విరిచే చోట కమాను మారిస్తే అర్థం చెడుతుంది. మన పిల్లకు ఆ సాహిత్యం అమ్మ మాట. పాలమూరు పల్లెల్లో ఏ భజన మందిరానికి వెళ్ళినా హనుమద్దాసు కీర్తనలు వినిపిస్తాయి. హార్మోనియం, తాళాలు, తబలా చుట్టూ రాత్రి తెల్లవార్లూ కూర్చునే ఆ జనానికి రాగం అంటే బెదురు లేదు. వాళ్ళ ఇంటి ఆడపిల్ల చేతికి కమాను ఇస్తే ఏమవుతుందో చూడాలని ఉంది.

ఇక్కడ ఇంకో మనిషిని తలచుకోవాలి. సురవరం ప్రతాపరెడ్డి గద్వాల ప్రాంతపు బిడ్డ. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాట వినపడ్డప్పుడు ఆయన వాదించి ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. 1952లో వనపర్తి ప్రజలు ఆయన్ని శాసనసభకు పంపారు. 2025లో తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. ఆ విశ్వవిద్యాలయంలో సంగీతం కూడా బోధిస్తారు. లేరన్న చోట ఉన్నారని చూపించడం ఆయన మనకు నేర్పిన పద్ధతి. పాలమూరులో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, వాద్యాలు చేసేవాళ్ళు ఎవరెవరున్నారో మండలాలవారీగా రాసుకోవడం ఆయన పేరున్న విద్యాపీఠానికి తగిన పని. అందులో ఆడవాళ్ళ పేర్లు విడిగా వెతికి రాయాలి. చారుబాల మోహన్‌లాంటి అమ్మలు ఎవరి ఇంట్లో ఉన్నారో అలా వెతికితేనే బయటికి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. మన జిల్లాల్లో ఆడపిల్ల సంగీతం నేర్చుకోవాలంటే మొదటి అడ్డంకి దారి. మంచి వయొలిన్ గురువు కోసం హైదరాబాదు పోవాలి. రామకోటిలోని త్యాగరాయ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల 1952 నుంచి ఉంది, ఎందరినో తీర్చిదిద్దింది. కానీ అచ్చంపేట పిల్ల వారానికి రెండుసార్లు అక్కడికి పోయి రాలేదు. తండ్రి వెంట రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. పెద్దపిల్లను ఒంటరిగా పంపడానికి అమ్మ ఒప్పుకోదు. ఆ అమ్మను నిందించలేం. మద్రాసు చేరిన తెలుగమ్మాయిలు చాలామందికి వెనుక సంగీతం తెలిసిన ఇల్లు ఉంది. వీణ గాయత్రి సంగతే చూడండి. తండ్రి అశ్వత్థామ సినిమా సంగీత దర్శకుడు, తల్లి కమల స్వయంగా వైణికురాలు. ఇంట్లోనే గురువు దొరికింది. ఆమె 2013లో తమిళనాడు సంగీత, లలితకళల విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు. ఆ ప్రతిభకు చేతులెత్తి మొక్కుతాం. అయితే అమ్మ వీణ వాయించని ఇంటి పిల్లకు ఎవరు నేర్పుతారన్నది ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఆ జవాబుకు కావాల్సిన ఇల్లు మన దగ్గర ఇప్పటికే ఉంది. పాలమూరు వలసల జిల్లా. పనికోసం తల్లిదండ్రులు ఊరు విడిస్తే పిల్లలు గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో ఉంటారు. ఆ ఆడపిల్లలకు సాయంత్రాలు ఉన్నాయి, తోటివాళ్ళున్నారు, తలుపుకు కాపలా ఉంది. దారి ఖర్చు లేదు, రాత్రి ప్రయాణం లేదు. లేనిదల్లా గురువు. ఒక వయొలిన్ గురువు వారానికి మూడు సాయంత్రాలు ఒక గురుకులానికి వస్తే పదిమంది పిల్లలు సరళీ వరుసలు మొదలుపెట్టగలరు. వాద్యాలు బడివే అయి ఉండాలి. ఇంటివాళ్ళను కొనమనకూడదు. తీగ తెగితే మార్చడానికి, కమాను వెంట్రుకలు వేయించడానికి ఏటా కొంత డబ్బు విడిగా ఉంచాలి. కళల పథకాలు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. మొదటి ఏడాది ఫొటోలు దిగుతారు, రెండో ఏడాది తెగిన తీగలతో వాద్యాలు బీరువాలోకి చేరతాయి.

పదిమందిలో తొమ్మిది మంది రెండు మూడేళ్ళకు ఆపేస్తారు. దానికి విచారించనక్కర్లేదు. వర్ణం దాకా నేర్చుకున్న పిల్ల రేపు టీచరైతే ఆమె తరగతి గది మారుతుంది. తల్లి అయితే ఆమె ఇల్లు మారుతుంది. చారుబాల కూడా ఒక ఇంట్లో అమ్మే. మిగిలిన ఆ ఒక్క పిల్ల కోసమే ఇంకో ఏర్పాటు చేయాలి. పదో తరగతి తరువాత హైదరాబాదు సంగీత కళాశాలలో ఆమెకు సీటు, హాస్టలు, నెల భత్యం గ్యారంటీ ఉండాలి. పెళ్ళి మాట వచ్చే వయసు అదే. చదువుతో పాటు సంగీతం కూడా ఒక గట్టి కారణంగా ఇంట్లో నిలబడాలంటే చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి. ఇది అనుభవం ఉన్న ఏ గురుకుల ఉపాధ్యాయురాలిని అడిగినా చెబుతుంది.

పక్క చోటు సంగతి కూడా మరవకూడదు. ఎం.ఎల్.వి. పిలిచి పక్కన కూర్చోబెట్టుకోకపోతే కన్యాకుమారి విద్య గదిలోనే ఉండేది. ఆలంపురం జోగులాంబ సన్నిధిలో, గద్వాల చెన్నకేశవుని గుడిలో, కొల్లాపూరు మాధవస్వామి ఆలయంలో నవరాత్రులకు, బ్రహ్మోత్సవాలకు సంగీత కార్యక్రమాలు పెట్టేవాళ్ళను ఒకటే అడుగుతున్నాం. హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి పెద్ద విద్వాంసులను పిలవండి. వాళ్ళు పాడే ముందు అరగంట మన పిల్లలకు ఇవ్వండి. వచ్చిన విద్వాంసులు మరునాడు ఉదయం స్థానిక గురుకులంలో రెండు గంటలు పాఠం చెప్పాలన్న మాట ఆహ్వానంలోనే రాయండి. ఈ దేశంలో అడిగితే కాదనే సంగీత విద్వాంసులు తక్కువ. మన ఆలయ కమిటీలు ఇప్పటిదాకా అడగలేదు, అంతే.

ముగ్గురు కలెక్టర్లకు, విద్యాశాఖకు, తెలుగు విశ్వవిద్యాలయానికి మా ప్రతిపాదన ఇది. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కళాశాలలో, వనపర్తిలో పాలిటెక్నిక్ ఆవరణలో, నాగర్‌కర్నూల్‌లో ఒక బాలికల గురుకులంలో ఒక్కో గది చాలు. ఒక్కో చోట వయొలిన్‌కో వీణకో ఒక గురువు, కిన్నెరకు ఒక గురువు. ఉద్యోగం ఏడాది ఒప్పందం మీద కాకుండా కనీసం పదేళ్ళకు ఉండాలి. గురువుల్లో సగం మంది స్త్రీలై ఉండాలి. విశ్వవిద్యాలయం పరీక్షలు పెట్టి పత్రాలు ఇవ్వాలి. నవంబరులో జీవో వస్తే డిసెంబరులో గురువుల ఎంపిక పూర్తవుతుంది. మాఘమాసంలో వసంత పంచమి నాటికి మొదటి తరగతి మొదలు కావచ్చు. అంతదాకా గురుకులాల ఉపాధ్యాయులు తమ పిల్లల్లో ఎవరి చెవి బాగుందో ఒక కన్నేసి ఉంచి, పేర్లు రాసి పెట్టుకోవాలి.